గోడ దాటిన బొమ్మ

మన రిక్రియేషన్ క్లబ్బు వరండాలో, క్యారమ్ బోర్డుల గదికి పోయే ద్వారానికి అటూ ఇటూ రెండు పొడవైన ఛాయాచిత్రాలు ఉండడం సభ్యులందరూ గమనించే ఉంటారు. రెండూ ఒకే చోటి నుంచి, ఒకే కెమెరాతో, ఒక్క రోజు తేడాతో తీసినవి. కుడివైపు పటంలో ముప్పై ఒక్కమంది ఉన్నారు. ప్రతి ముఖమూ చక్కగా ఆనవాలు పట్టవచ్చును. ఎడమవైపు పటంలో సుమారు నూట యాభైమంది ఉన్నారు. కాని, ఆ ముఖాలు తడిచేత్తో తుడిచినట్లుగా కొద్దిగా అలుక్కుపోయి ఉంటాయి. "బాగా వచ్చిన దానిలో జనం లేరు, జనం ఉన్నది బాగా రాలేదు, ఇదేమి ఫోటోగ్రఫీ?" అని ఈ మూడేళ్ళుగా అడుగుతున్నవారికి నిలబడి సమాధానం చెప్పడం మా వల్ల కాకపోయింది. అందుచేత సంపాదకవర్గం వారి అనుమతితో ఇక్కడ విన్నవించుకుంటున్నాము.

"మేము" అని వ్రాయడం పెద్దరికం కోసం కాదు. ఈ పనికి పూనుకున్నది నిజంగానే ఇద్దరం. ఒకరిది మెకానికల్ మెయింటెనెన్సు, మరొకరిది ఇన్‌స్ట్రుమెంటేషను. 1984లో ఒకే బ్యాచిలో ట్రైనీలుగా చేరి, సంవత్సరం తేడాతో పదవీ విరమణ చేసినవారము. జరిగిన పొరపాటులో ఎవరి వాటా ఎంత అన్నది మాలో మాకు నేటికీ తేలలేదు గనుక, అంతా ఉమ్మడి ఖాతాలోనే వ్రాస్తున్నాము.

ముందుగా ఆ గోడ సంగతి. ఇప్పుడు కమ్యూనిటీ హాలు ఉన్న స్థలంలో ఒకప్పుడు ఆరుబయలు సినిమా ఉండేదని మన పిల్లలకు తెలియకపోవచ్చును. తెర అంటే గుడ్డ కాదు, గోడ. ఇరవై ఆరడుగుల వెడల్పు, ఇరవై అడుగుల ఎత్తు. ఏటా దసరాకు ముందు సున్నంలో నీలిమందు కలిపి తెల్లవేసేవారు. చుట్టూ నాలుగంచులా తారు పూత. ఆ గోడకు సరిగ్గా నూరడుగుల దూరంలో, ఎనిమిది మెట్ల ఎత్తున ప్రొజెక్టరు గది. గది గోడకు ఒక చదరపు కంత. ఆ కంత వెనుక పదహారు మిల్లీమీటర్ల ప్రొజెక్టరు, దాని వెనుక ఆపరేటరు గారు. పగలు ఆయన ఎలక్ట్రికల్ విభాగంలో పనిచేసేవారు. శనివారం సాయంత్రం నుంచి మాత్రం టౌన్‌షిప్ మొత్తానికి ఆయనే పెద్ద. మేము ఆయనను "బాబాయి గారూ" అని పిలిచేవాళ్ళం. ఆయన మమ్మల్ని పేర్లతో పిలవగా ఎన్నడూ వినలేదు. ఇద్దరికీ కలిపి "ఏమయ్యా" అన్నదే పిలుపు.

1985 వేసవిలో ఒక శనివారం మొదటిసారిగా సినిమాస్కోప్ ప్రింటు వచ్చింది. స్కోప్ బొమ్మలో మర్మమేమిటంటే, వెడల్పైన దృశ్యాన్ని మామూలు ఫిల్ము మీద పట్టించడానికి, తీసేటప్పుడే అడ్డంగా సగానికి నొక్కివేస్తారు. నిలువు కొలత మాత్రం మారదు. చూపేటప్పుడు ప్రొజెక్టరు లెన్సు ముందు మరొక లెన్సు అమర్చి, ఆ నొక్కుడును తిరిగి విప్పుతారు. ఈ నొక్కే, విప్పే కటకాన్నే అనామార్ఫిక్ కటకం అంటారు. తిరునాళ్ళలో మనిషిని సన్నగా పొడుగ్గా చూపించే వంకర అద్దం ఎలా పనిచేస్తుందో, ఇదీ ఆ కోవలోనిదే; అద్దానికి బదులు స్తంభాకారపు వంపు గల గాజు. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు ఆన్రీ క్రెతియెన్ 1920లలో రూపొందించిన పద్ధతి ఇది. హాలీవుడ్‌లో ట్వంటీయత్ సెంచరీ ఫాక్స్ వారు దానిని తీసుకొని 1953లో "ది రోబ్" చిత్రంతో సినిమాస్కోప్ అనే పేరున లోకానికి చూపారు. మన దేశంలో 1959 నాటి గురుదత్ చిత్రం "కాగజ్ కే ఫూల్" మొదటిది, ఛాయాగ్రాహకులు వి.కె. మూర్తి గారు. తెలుగులో మొదటిది 1974 నాటి "అల్లూరి సీతారామరాజు", ఛాయాగ్రాహకులు వి.ఎస్.ఆర్. స్వామి గారు.

ఆ రాత్రి మొదటి రీలు స్కోప్ లెన్సు పెట్టకుండానే మొదలైంది. గోడ మీది మనుషులందరూ వెదురుబొంగులవలె సన్నగా సాగిపోయారు. కథానాయకుని గుర్రం మేకపిల్ల వెడల్పున ఉంది. జనం ఈలలు వేశారు. ఆపరేటరు గారు ప్రొజెక్టరు ఆపి, ప్రింటుతో పాటు వచ్చిన చెక్కపెట్టె తెరిచి, అందులోని లెన్సును ముందు బిగించి మళ్ళీ నడిపారు. ఇప్పుడు మనుషులు మనుషులవలెనే ఉన్నారు. కాని, బొమ్మ గోడ దాటిపోయింది. కథానాయిక ముఖం గోడ మీద, ఆమె చాచిన చేయి పక్కనున్న వేపచెట్టు మీద. ప్రతినాయకుడు కుడివైపున సైకిల్ స్టాండు రేకుల మీద నిలబడి బెదిరిస్తున్నాడు. ఆ వైపు కూర్చున్న పిల్లలు లేచి రేకుల దగ్గరకు పరుగెత్తారు.

లెక్క చూస్తే ఇది జరిగి తీరవలసినదే. ప్రొజెక్టరుకు ఉన్నది రెండంగుళాల నాభ్యంతరం గల లెన్సు. నూరడుగుల దూరాన అది పంతొమ్మిది అడుగుల వెడల్పు బొమ్మను వేస్తుంది. స్కోప్ లెన్సు దానిని రెట్టింపు చేస్తే ముప్పై ఎనిమిది అడుగులు. గోడ ఇరవై ఆరే. ఇటు ఆరు, అటు ఆరు అడుగులు చెట్టుకూ రేకులకూ పోయాయి. పైగా ఉన్న దీపపు వెలుగే రెట్టింపు మేర పరుచుకోవలసి రావడంతో, పులుసులో నీళ్ళు పోసినట్లు బొమ్మ పలచబడింది. తరువాతి స్కోప్ చిత్రం వచ్చేనాటికి ఆపరేటరు గారు ఎక్కడినుంచో మూడంగుళాల లెన్సు అరువు తెచ్చారు. నాభ్యంతరం పెరిగితే బొమ్మ చిన్నదవుతుంది. పంతొమ్మిది కాస్తా పన్నెండున్నర చిల్లర అయింది. రెట్టింపు చేస్తే ఇరవై అయిదు. బొమ్మ గోడలో ఇమిడింది. పైనా క్రిందా నల్లని పట్టీ మిగిలినా ఎవరూ పట్టించుకోలేదు. వెనుక లెన్సు పొడవు పెంచితేనే ముందున్న స్కోప్ లెన్సు అదుపులో ఉంటుందన్న సంగతి మేము అప్పుడు కళ్ళారా చూశాము. చూసినదాన్ని ముప్పై ఏడేళ్ళు మరచిపోయాము.

కేబుల్ టీవీ వచ్చాక శనివారపు సినిమాలు పలచబడి, 1990లు ముగిసేలోపే నిలిచిపోయాయి. తరువాత క్లబ్బు సొంతానికి కొన్న స్కోప్ లెన్సు ఒకటి ప్రొజెక్టరుతో పాటు గదిలోనే ఉండిపోయింది. 2004లో పనికిరాని సామానుల వేలంలో ప్రొజెక్టరు తూకానికి పోయింది. జాబితాలో "లెన్సు, గుండ్రనిది, 1" అని వ్రాసి ఉన్నా, అది ప్రొజెక్టరు భాగమని గుర్తించక దానిని కొన్నవారు వదిలివేశారు. మేము క్లబ్బుకు మూడువందల రూపాయలు చెల్లించి, రసీదు పుచ్చుకొని ఇంటికి తెచ్చుకున్నాము. ఆ రసీదు ఇప్పటికీ మా వద్ద భద్రంగా ఉన్నదని సంబంధితులకు మనవి.

2022 నవంబరులో హాలు నిర్మాణానికి ఉత్తర్వులు వచ్చాయి. డిసెంబరు 19, సోమవారం నాడు గోడ పడగొడతారని తెలిసింది. గోడను, దాని ముందు టౌన్‌షిప్ జనాన్ని, ఆ ప్రొజెక్టరు కంతలోనుంచే, ఆ స్కోప్ లెన్సుతోనే ఫోటో తీయాలన్న ఆలోచన మాలో ఎవరికి ముందు వచ్చిందో చెప్పలేము. ముప్పై ఏళ్ళు బొమ్మను బయటికి విసిరిన కంతలోనుంచి ఒక్కసారి బొమ్మను లోపలికి తీసుకోవాలన్నది కోరిక.

ఇక్కడ చిక్కు మొదలైంది. స్కోప్ లెన్సు తనంతట తాను బొమ్మను ఏర్పరచదు. కెమెరా లెన్సు ముందు దానిని బిగించాలి. మా దగ్గర ఉన్నది ఫిల్ము రోజుల నాటి యాభై మిల్లీమీటర్ల లెన్సు. దానిని ఒక అడాప్టరుతో నేటి డిజిటల్ కెమెరాకు తగిలించి, ముందు స్కోప్ లెన్సు పెట్టి చూస్తే, నూతిలోనుంచి ఆకాశాన్ని చూసినట్లు నాలుగు మూలలా చీకటి. ప్రొజెక్టరు కోసం చేసిన స్కోప్ లెన్సు వెనుక గాజు చిన్నది. యాభై మిల్లీమీటర్ల లెన్సు చూసేటంత విశాలంగా అది చూడనివ్వదు. అంతకంటె నాభ్యంతరం ఎక్కువ గల లెన్సు కావాలి. కొందామంటే ఒక్క ఫోటో కోసం అంత ఖర్చుకు ఇళ్ళలో అంగీకారం లభించలేదు.

అప్పుడు గుర్తుకు వచ్చినది 1991లో మద్రాసు బర్మా బజారులో బేరమాడి కొన్న టెలికన్వర్టరు. ఇది లెన్సుకూ కెమెరాకూ నడుమ దూర్చే చిన్న గొట్టం. లెన్సు ఇచ్చే బొమ్మ మధ్యభాగాన్ని రెండింతలుగా విప్పి కెమెరాకు అందిస్తుంది. యాభై కాస్తా నూరవుతుంది. దానితో చూస్తే మూలల చీకటి మాయమైంది. లెక్క కూడా కుదిరింది. నిలువుగా నూరు మిల్లీమీటర్ల లెన్సు చూపు, అడ్డంగా స్కోప్ లెన్సు పుణ్యాన యాభై చూపు. నూరడుగుల దూరాన నిలువు ఇరవై నాలుగు అడుగులు, అడ్డం డెబ్భై రెండు. అంటే గోడ ఎత్తు మొత్తం, వేపచెట్టు నుంచి సైకిల్ స్టాండు వరకు వెడల్పు మొత్తం. 1985లో బొమ్మ గోడ దాటి ఎక్కడెక్కడ పడిందో ఆ చోట్లన్నీ వచ్చేస్తాయి.

అయితే టెలికన్వర్టరు ఉచితంగా ఏదీ ఇవ్వదు. బొమ్మను అటూ ఇటూ రెండింతలు చేసిందంటే వైశాల్యం నాలుగింతలు. అదే వెలుగు నాలుగింతల చోట పరుచుకుంటుంది. అందుకే రెండు స్టాపుల వెలుగు పోతుంది. లెన్సు మీద నాలుగు అంకె పెట్టినా కెమెరాకు చేరేది ఎనిమిది అంకె వెలుగే. ఫిల్మ్ కెమెరాలకు వాడిన కొన్ని జూమ్ లెన్సులలో అనామార్ఫిక్ గాజును ముందు కాక వెనుక అమర్చేవారు. అక్కడ బొమ్మ ఒక్క దిక్కుననే రెండింతలవుతుంది గనుక ఒక్క స్టాపే పోతుంది. ఒక విధంగా అది ఒంటిదిక్కు టెలికన్వర్టరు అన్నమాట. ఈ పోలిక తట్టిన రోజు మా ఇన్‌స్ట్రుమెంటేషను బుర్ర రెండు పూటలు భోజనం సంగతి మరచింది.

"ఇంత గొడవ ఎందుకు? యాభైతోనే తీసి, చీకటి మూలలు కత్తిరించి, మిగిలినదాన్ని పెద్దది చేయరాదా?" అని మా అబ్బాయి ఒకడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కత్తిరిస్తే ఇరవై నాలుగు మెగాపిక్సెళ్ళ బొమ్మలో ఆరే మిగులుతాయి. టెలికన్వర్టరు అయితే మొత్తం వాడుకుంటుంది. కాని అది లెన్సులోని లోపాలనూ అంతే పెద్దవి చేస్తుంది. ఇంటి ముందరి ఇనుపగేటు మీద రెండు విధాలా తీసి పోల్చాము. లెన్సు పూర్తిగా తెరిచి ఉంచితే రెంటికీ తేడా లేదు. కొంచెం మూస్తే టెలికన్వర్టరు బొమ్మే మెరుగు. మూడడుగుల వెడల్పున ముద్రించే ఉద్దేశం ఉన్నందున దానికే మొగ్గాము. ఆ పోలికలో గేటు కమ్మీలు అడ్డమూ నిలువూ రెండూ చక్కగా వచ్చాయి. ఈ ముక్క పాఠకులు గుర్తుంచుకోవాలి.

స్కోప్ లెన్సు బరువు ముప్పావు కిలో. దానిని కెమెరా లెన్సు ముందు బిగించడానికి ఒక అల్యూమినియం రింగు చేయించాము. ఊళ్ళోని లేత్ షాపులో, సొంత డబ్బుతో చేయించినది. మన వర్క్‌షాపులో కాదని విజిలెన్సు విభాగం వారికి ప్రత్యేకంగా మనవి. పట్టు కోసం రింగుకు రెండు స్క్రూలు పెట్టించాము. మూడు పెట్టమని లేత్ మేస్త్రీ చెప్పాడు. వినలేదు.

డిసెంబరు 16, శుక్రవారం రాత్రి ఆఖరిసారిగా అన్నీ సరిచూసుకుంటుండగా స్కోప్ లెన్సు లోపల సాలెగూడు వంటి బూజు కనపడింది. లెన్సుకు బూజు పట్టడం మన తేమకు మామూలే. రేపు ఫోటో అనగా ఈ రాత్రి దానిని విప్పకూడదని వయసు వచ్చినవారికి తెలియాలి. విప్పాము. ముందు రింగు తిప్పి తీసి, గాజు తుడిచి, తిరిగి బిగించాము. బూజు పోయింది. మర ఒక చుట్టు తేడాగా కూర్చున్నదన్న సంగతి మాత్రం తెలియలేదు.

శనివారం జనం వచ్చారు. మేము అరవైమందిని ఊహిస్తే నూట యాభైమంది వచ్చారు. రిటైరై పక్క ఊళ్ళలో స్థిరపడినవారు మనవలతో వచ్చారు. క్యాంటీన్ పాత వంటవారు వచ్చారు. ప్రతి శనివారం విరామంలో పుల్ల ఐసు అమ్మిన ఐస్‌ఫ్రూట్ తాత తన బండి తోసుకుంటూ వచ్చి, వేపచెట్టు క్రింద ఎప్పుడూ నిలిపే చోటనే నిలిపాడు. ఎనభై ఒకటేళ్ళ ఆపరేటరు గారిని కుమార్తె ఇంటి నుంచి కారులో తీసుకొచ్చి గోడ మధ్యన కుర్చీలో కూర్చోబెట్టాము. ఆయనకు అప్పటికే చూపు బాగా తగ్గింది. అందరినీ గోడకు వీపు పెట్టి, కంత వైపు ముఖం పెట్టి నిలబడమన్నాము. ఇన్నేళ్ళు కంతకు వీపు పెట్టి కూర్చున్న జనం అలా ఎదురు తిరిగి నిలబడితే, గదిలో ఉన్న మాకు ఒక్క క్షణం గొంతు ఆడలేదు.

కబుర్లు, దండాలు, కౌగిలింతలు ముగిసేసరికి అయిదున్నర. సూర్యుడు గది వెనుక చెట్లలోకి దిగిపోయాడు. టెలికన్వర్టరు తినేసిన రెండు స్టాపులు అప్పుడు తెలిసివచ్చాయి. అది లేకుంటే సెకనులో నూట ఇరవై అయిదవ వంతు సరిపోయేచోట ముప్పయ్యవ వంతు పెట్టవలసివచ్చింది. కదలవద్దని కేకలు వేస్తూ తీశాము. దూరం టేపుతో కొలిచి, కెమెరా లెన్సు మీదా స్కోప్ లెన్సు మీదా అడుగుల అంకెలు చూసి పెట్టాము. కెమెరా వెనుక చిన్న తెర మీద బొమ్మ నొక్కుడుగానే కనపడుతుంది; అందులో తేడాలు ఏమీ పోల్చలేకపోయాము. పన్నెండు ఫోటోలు తీసి, కంతలోనుంచి "అయిపోయింది!" అని అరిచాము. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఇంటికి పోయే త్రోవలోనే ఒక ఫోటోను కెమెరా నుంచి ఫోనుకు దింపి, వెడల్పు విప్పి టౌన్‌షిప్ వాట్సాప్ గుంపులో పెట్టాము. మెచ్చుకోళ్ళు వచ్చిపడ్డాయి.

రాత్రి తొమ్మిదింటికి కంప్యూటరు మీద వెడల్పు రెట్టింపు చేసి పెద్దగా చూశాము. గోడ తోసిన పేకముక్కల కట్టవలె ఒకవైపునకు ఒరిగింది. జనమంతా గాలికి వరిచేనులాగా వాలి ఉన్నారు. రెండు స్క్రూల పట్టులో స్కోప్ లెన్సు తన బరువుకు తాను వెంట్రుకవాసి తిరిగిందన్నమాట. నొక్కే దిశ నిట్టనిలువుకు సరిగ్గా అడ్డంగా లేకుంటే బొమ్మ ఒరిగిపోతుంది. అది కంప్యూటరులో కొంత సరిచేయవచ్చును. సరిచేయలేనిది మరొకటి ఉన్నది. గోడ పక్కనున్న ఇనుపగేటు అడ్డకమ్మీలు కత్తిగీతలవలె ఉన్నాయి. నిలువుకమ్మీలు మాత్రం అలుక్కుపోయాయి. ముఖాలదీ అదే గతి. కనుబొమలు, మీసాలు, నుదుటి మీది అడ్డబొట్లు ఉన్నాయి; ముక్కులు లేవు. కెమెరా లెన్సు ఫోకస్ సరిగానే ఉంది. అడ్డం కొలతను మాత్రమే శాసించే స్కోప్ లెన్సు ఫోకస్ తప్పింది. శుక్రవారం రాత్రి మర ఒక చుట్టు తప్పి కూర్చున్నందున, దాని మీది అంకె ఒకటి, అసలు దూరం మరొకటి. యాభైతోనే తీసి ఉంటే ఈ తప్పు సగమే కనపడేది. టెలికన్వర్టరు దానినీ రెండింతలు చేసి పెట్టింది.

ఆ రాత్రి ఇద్దరమూ పెద్దగా మాట్లాడుకోలేదు. తెల్లవారి ఆపరేటరు గారి దగ్గరకు వెళ్ళి జరిగినది చెప్పాము. ఆయన నవ్వలేదు, నొచ్చుకోనూ లేదు. ఒక్కటే అడిగారు:

"స్కోప్ తీసేసి ముందు వెనక లెన్సు నిలబెట్టారా?"

లేదన్నాము. అంకెలు చూసి పెట్టామన్నాము.

"అంకెలేమిటయ్యా? నేనెన్నడైనా అంకెలు చూశానా? ముందు స్కోప్ తీసేసి బొమ్మ నిలబెట్టాలి. తరవాత స్కోప్ పెట్టి, దాని రింగే తిప్పాలి. వెనకది ముట్టుకోకూడదు. రోజూ చూస్తూ నిలబడ్డారు గదా, కంత దగ్గర!"

మధ్యన ఒక గొట్టం పెట్టామని టెలికన్వర్టరు సంగతి చెబుతుంటే, మాట పూర్తికాకముందే అందుకున్నారు. "మూడంగుళాల లెన్సు పెట్టినట్టే గదా. బొమ్మ గోడ దాటకుండా" అన్నారు. మేము మూడు వారాలు లెక్కలు కట్టి తెలుసుకున్నది అదే.

గోడ ఇంకా ఒక్కరోజు ఉంటుంది. మళ్ళీ తీద్దామన్నాము. తానూ వస్తానన్నారు. ఉదయమంతా లేత్ మేస్త్రీ ఇంటికి వెళ్ళి బతిమాలి మూడవ స్క్రూ పెట్టించాము. బరువంతా టెలికన్వర్టరు మెడ మీద పడకుండా స్కోప్ లెన్సు క్రింద చెక్క ఊత అమర్చాము. మధ్యాహ్నం మూడింటికి ఆయన మా భుజాలు పట్టుకొని ఎనిమిది మెట్లూ ఎక్కారు. స్టూలు మీద కూర్చొని స్కోప్ లెన్సును చేతులతో తడిమారు.

వాలు సరిచేయడానికి మేము టార్చిలైటు ఉపాయం పన్నాము. గోడ దగ్గర ఒక కుర్రవాణ్ణి నిలబెట్టి టార్చి వెలుగు నేరుగా లెన్సులోకి కొట్టించాము. అనామార్ఫిక్ కటకం మీద అటువంటి వెలుగు పడితే బొమ్మకు అడ్డంగా ఒక నీలిగీత పరుచుకుంటుంది. స్కోప్ సినిమాలలో కారు దీపాలకు ఇరుప్రక్కలా కనపడే గీత అదే. ఆ గీత గోడ అడుగంచుకు సమాంతరంగా ఉంటే లెన్సు నిటారుగా ఉన్నట్లు. కెమెరాను ల్యాప్‌టాప్‌కు కలిపి పెద్దగా చూపాము. ముఖాలు పోల్చలేని ఆపరేటరు గారి కళ్ళకు ఆ నీలిగీత కనపడింది. "ఎడమ కొస పైకుంది... ఇంకాస్త... ఆగు" అన్నారు. బిగించాము. తరువాత ఆయన చెప్పిన వరుసలోనే స్కోప్ తీసి వెనుక లెన్సు నిలబెట్టి, స్కోప్ పెట్టి దాని రింగు మాత్రమే తిప్పాము. గేటు కమ్మీలు అడ్డమూ నిలువూ ఒక్కసారిగా నిలిచాయి.

సాయంత్రం నాలుగింటికి రమ్మని ఇంటింటికీ ఫోన్లు చేశాము. పొరుగూళ్ళవారు శనివారం రాత్రే వెళ్ళిపోయారు. ఆ రాత్రి ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ ఫైనలు. కుర్రవాళ్ళంతా క్లబ్బులో పెద్ద టీవీ, కుర్చీలు సర్దుకుంటున్నారు. "నిన్న బాగానే వచ్చింది గదా, గుంపులో చూశాము" అని కొందరు. ఐస్‌ఫ్రూట్ తాతకు కబురే అందలేదు. చివరికి ముప్పై ఒక్కమంది వచ్చారు. మీరూ వెళ్ళి మధ్యలో కూర్చోండని ఆపరేటరు గారితో అన్నాము.

"ఆ గోడ దగ్గర నాకేం పని? నా చోటు ఇదే" అన్నారు.

మీట నొక్కింది ఆయనే. కుడివైపు పటం అదే. అందులో ఆయన లేరు.

సోమవారం పదింటికల్లా గోడ నేలమట్టమైంది. చూడడానికి మేము వెళ్ళలేదు.

శనివారం నాటి ఫోటోను ఏమి చేయాలో చాలా రోజులు తోచలేదు. ఒరుగుడు కంప్యూటరులో సరిచేశాము. మసక పోలేదు. పోగొట్టుతామన్న సాఫ్ట్‌వేరులు ప్రయత్నిస్తే అవి ఎవరివో కొత్త ముక్కులను కల్పించి అతికించాయి. వద్దనుకున్నాము. ఆ స్థితిలోనే మూడడుగుల వెడల్పు, అడుగు ఎత్తున ముద్రించి, క్లబ్బు వారి దయవల్ల ద్వారానికి ఎడమవైపు పెట్టాము. కుర్చీలో ఆపరేటరు గారు ఉన్నది అందులోనే.

2023 మే నెలలో ఐస్‌ఫ్రూట్ తాత కాలం చేశాడు. పదిహేను రోజులకు ఆయన కుమార్తె క్లబ్బుకు వచ్చింది. ఆధార్ కార్డు మీది బొమ్మ తప్ప తండ్రి ఫోటో ఇంట్లో మరొకటి లేదట. ఎడమవైపు పటం చూపించాము. ఎడమ చివర, వేపచెట్టు క్రింద ఆయన ఉన్నాడు. ఐసుపెట్టె మూత అంచు, బండి అడ్డకమ్మి కత్తిగీతలవలె ఉన్నాయి. ముఖం మసక. ఆమె చాలాసేపు చూసి, తన ఫోను తీసి, శనివారం సాయంత్రం మేము తొందరపడి గుంపులో పెట్టగా ఎవరో ఆమెకు పంపిన ఫోటోను చూపించింది. అది సరిచేయనిది. గోడ ఒరిగే ఉంది, జనం వాలే ఉన్నారు.

"ఇది ఇవ్వండి సార్. నాన్న ఎప్పుడూ బండి మీదికి ఇట్లా ఒరిగే నిలబడేవాడు. మీ గోడ మీద ఉన్నదాంట్లో ఎవరో పెద్ద ఆఫీసరులా ఉన్నాడు" అన్నది.

ఆ ఒరుగుడు ఆయనది కాదని, రెండు స్క్రూలదని చెప్పబోయి ఊరుకున్నాము. వేపచెట్టు వరకు కత్తిరించి, సరిచేయకుండానే, బొమ్మ అడుగు ఎత్తు వచ్చేటట్లు ముద్రించి చట్టం కట్టించి ఇచ్చాము.

స్కోప్ లెన్సు, టెలికన్వర్టరు, రింగు, చెక్క ఊత ప్రస్తుతం క్లబ్బు బీరువాలో ఉన్నవి. ఆసక్తి గల సభ్యులు కార్యదర్శి గారి వద్ద సంతకం చేసి తీసుకొనవచ్చును. స్కోప్ లెన్సు మీది అడుగుల అంకెలు ఇప్పటికీ తప్పే. వాటిపై కాగితం అంటించి ఉంచాము.